గుండె ఆగి మళ్లీ కొట్టుకుంది: ఇంటికొచ్చాక ఎవరెవరు ఏం చేయాలి?

ప్రశ్న: మావారికి 47 ఏళ్లు. బెంగళూరు రామమూర్తినగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తులో ఉంటున్నాం. సొంతూరు మదనపల్లె. గత నెల ఒక ఆదివారం పొద్దున కింద షటిల్ ఆడుతూ ఉన్నట్టుండి కుప్పకూలిపోయారు. ఊపిరి లేదట. రెండో అంతస్తులో ఉండే తమిళబ్బాయి, మా సెక్యూరిటీ గార్డు ఒకరి తర్వాత ఒకరు ఛాతీ నొక్కుతూనే ఉన్నారు. అంబులెన్సు వాళ్లొచ్చి షాక్ ఇచ్చాక గుండె మళ్లీ కొట్టుకుంది. గుండెపోటు అన్నారు, ఎడమవైపు పెద్ద నాళంలో స్టెంట్ వేశారు. ఎనిమిది రోజులకు ఇంటికి పంపారు. గుండె ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే రక్తం, అదే ఈఎఫ్, 42 శాతమట. ఇంటికొచ్చి పదహారు రోజులు. ఛాతీ నొప్పి అన్న ప్రతిసారీ నా ప్రాణం పోతోంది. చెప్పిందే మర్చిపోతున్నారు, ఊరికే విసుక్కుంటున్నారు. ఆడబట్టే ఇలా అయిందని నడవడానికి కూడా భయపడుతున్నారు. వచ్చిపోయే బంధువులు, తలా ఒక సలహా. రాత్రంతా ఆయన ఊపిరి చూస్తూ కూర్చుంటున్నాను. మళ్లీ ఆగితే ఏం చేయాలి? ఆ ఇద్దరి రుణం ఎలా తీర్చుకోవాలి?

జవాబు: ముందు ఛాతీ నొప్పి సంగతి. వాళ్లిద్దరూ ఛాతీ నొక్కిన పద్ధతి, అదే సీపీఆర్, సరిగ్గా చేయాలంటే ఛాతీ ఎముకను 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. అంత బలంగా నొక్కినప్పుడు పక్కటెముకలు చిట్లడం మామూలే, ఒక్కోసారి మధ్య ఎముకా చిట్లుతుంది. ఆ ఇద్దరూ మొహమాటపడి మెల్లగా నొక్కి ఉంటే మీరీ ఉత్తరం రాసేవారు కాదు. పక్కటెముకలు కుదురుకోడానికి ఆరు వారాలు, మధ్య ఎముకకు ఇంకా ఎక్కువే పడుతుంది. కాబట్టి ఇంటికొచ్చిన పదహారో రోజున నొప్పి ఉండటంలో వింత లేదు.

అది ఎముకదా, గుండెదా అన్నది ఇంట్లో కొంతవరకు పోల్చుకోవచ్చు. "ఎక్కడ?" అని అడిగి ఆయన చేతిని గమనించండి. ఒక వేలితో ఇదిగో ఇక్కడ అని చూపిస్తే, అక్కడ నొక్కితే చురుక్కుమంటే, దగ్గినా పక్కకి తిరిగినా ఎక్కువైతే అది చాలావరకు ఎముకే. అరచేతినో పిడికిలినో ఛాతీ మధ్యలో ఆనించి, బరువు పెట్టినట్టుందని, పట్టేసినట్టుందని అంటే అనుమానించాలి. చెమట పట్టడం, వాంతి వచ్చినట్టుండటం, దవడకో ఎడమచేతికో పాకడం, నాలుగడుగులు వేస్తే ఎక్కువై కూర్చుంటే తగ్గడం, ఇవన్నీ గుండె వైపు వేలు చూపిస్తాయి. ఎటూ తేల్చుకోలేకపోతే గుండెదే అనుకోండి. గ్యాసేమోనని ఈనో తాగించి అరగంట చూడటం మన ఇళ్లలో మహా అలవాటు. ఆ అరగంటే కొంప ముంచుతుంది.

డిశ్చార్జ్ సమ్మరీలో గుండె నొప్పి తగ్గించే సార్బిట్రేట్ 5 మిల్లీగ్రాములు రాసి ఉంటే దాన్ని వాడే పద్ధతి ఇది. ఆయన్ని కూర్చోబెట్టాలి, నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి తూలిపడతారు. మాత్ర నాలుక కింద పెట్టాలి, మింగకూడదు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి. వాళ్లు వచ్చేలోపు ఐదేసి నిమిషాలకు ఒకటి చొప్పున మరో రెండు పెట్టవచ్చు, మొత్తం మూడుకు మించకూడదు. పై బీపీ 100 లోపు ఉంటే పెట్టకండి. ఇంకొకటి, ఎవరూ చెప్పరు, అడగడానికీ సిగ్గుపడతారు: శృంగారం కోసం వేసుకునే సిల్డెనాఫిల్ మాత్ర వేసుకుని 24 గంటలు, టడలాఫిల్ అయితే 48 గంటలు గడవకుండా సార్బిట్రేట్ పెడితే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. అన్నట్టు, రెండంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగితే దాంపత్యానికి సాధారణంగా అడ్డేమీ ఉండదు.

ఎముకల నొప్పికి పారాసెటమాల్ చాలు, రోజుకు 3 గ్రాములు దాటకుండా. మెడికల్ షాపులో అడిగిన వెంటనే చేతిలో పెట్టే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ రకాలు వద్దు. ఆయన ఇప్పటికే రక్తం గడ్డకట్టనివ్వని మందుల మీద ఉన్నారు. వీటితో కడుపులో రక్తస్రావం కావచ్చు, గుండెకూ కిడ్నీకీ కూడా మంచిది కాదు. దగ్గు వచ్చినప్పుడు చిన్న దిండును ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గమనండి. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి పది నిండు శ్వాసలు తీయాలి. నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీస్తే ఊపిరితిత్తుల అడుగున కఫం చేరి న్యుమోనియా రావచ్చు. 20 లీటర్ల వాటర్ క్యాన్, గ్యాస్ సిలిండర్, నిండు బకెట్ జోలికి డాక్టరు సరే అనేదాకా పోకూడదు. క్యాన్ అబ్బాయిని లోపలికి వచ్చి డిస్పెన్సర్ మీద పెట్టి వెళ్లమనండి.

మందుల్లో ఒక్క విషయం మాత్రం రాయి మీద చెక్కుకోండి. స్టెంట్ అంటే లోహపు జల్లెడ గొట్టం. దాని మీద మన సొంత కణాల పొర పూర్తిగా పరుచుకునేదాకా రక్తం దాన్ని పరాయి వస్తువుగానే చూస్తుంది, గడ్డకట్టాలని చూస్తుంది. అందుకే ఆస్పిరిన్ 75తో పాటు రెండో మాత్ర ఒకటి ఇస్తారు, టికాగ్రెలార్ 90 రోజుకు రెండుసార్లు గానీ, క్లోపిడోగ్రెల్ 75 లేదా ప్రసుగ్రెల్ 10 ఒకసారి గానీ. గుండెపోటు వచ్చినవారికి ఈ జంట మామూలుగా ఏడాది పాటు. మధ్యలో ఆపితే స్టెంట్ ఒక్కసారిగా మూసుకుపోవచ్చు, అది మొదటి పోటు కన్నా ప్రమాదం. ఎక్కడ తప్పిపోతుందంటే, ఊరికి పోయి స్ట్రిప్పు మర్చిపోవడం, పన్ను పీకించుకోడానికి వెళ్తే "నాలుగు రోజులు ఆపి రండి" అంటే ఆపేయడం, చిగుళ్ల నుంచి కాస్త రక్తం కనిపిస్తే భయపడి మానేయడం. కార్డియాలజిస్టు నోటి మాట లేకుండా ఎవరు చెప్పినా ఆపకండి. ఇంట్లో ఎప్పుడూ పది రోజుల నిల్వ ఉండాలి. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట మామూలు మాత్రే వేసుకోవాలి, రెండు కలిపి వేసుకోకూడదు. మలం తారులా నల్లగా వస్తే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

టికాగ్రెలార్ వాడేవారిలో కొందరికి ఊరికే కూర్చున్నప్పుడు కాసేపు గాలి చాలనట్టు ఉంటుంది. ఇది మందు గుణం. మెట్లెక్కితే ఎక్కువవుతున్నా, వెల్లకిలా పడుకోలేకపోతున్నా అది మందుది కాకపోవచ్చు, గుండె బలహీనతది కావచ్చు. ఏదైనా డాక్టరుకు చెప్పండి, కావాలంటే మందు మారుస్తారు. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ వేసుకుంటే నీరసం, నాడి నెమ్మదించడం ఉంటాయి. బీపీ తగ్గించే రామిప్రిల్‌తో పొడిదగ్గు రావచ్చు. కొలెస్టరాల్ తగ్గించడానికి రాత్రి వేసే అటోర్వాస్టాటిన్‌తో ఒళ్లంతా కండరాల నొప్పులొస్తే చెప్పాలి. దాన్ని ఎక్కువ మోతాదులో ఇవ్వడం కొలెస్టరాల్ ఎక్కువుందని మాత్రమే కాదు, నాళంలోని కొవ్వు పొర మళ్లీ చిట్లకుండా ఉండటానికి కూడా. నాలుగైదు వారాల తర్వాత లిపిడ్ పరీక్ష చేయిస్తే చెడు కొలెస్టరాల్, అంటే ఎల్‌డీఎల్, 55 కిందికి రావాలి. రాకపోతే ఇంకో మందు కలుపుతారు.

తెల్లమద్ది కషాయం, వెల్లుల్లి అల్లం నిమ్మ రసం, "బ్లాకులు కరిగించే" పొడులు మీ ఇంటికి ఈపాటికి వచ్చే ఉంటాయి. కూరలో వెల్లుల్లి ఎంతైనా వేసుకోండి. ఆయన మాత్రల మీద ఇంకొక రక్తం పలచబరిచే పదార్థం గ్లాసులకొద్దీ పోయడం మాత్రం పనికిరాదు. తెచ్చినవాళ్లతో వాదన పెట్టుకోకండి, తీసుకుని అలమారలో పెట్టండి.

ఇక మతిమరపు, విసుగు. గుండె ఆగిన ఆ నిమిషాల్లో మెదడుకు రక్తం అందలేదు. సీపీఆర్ వల్ల కొంత అందింది, అందుకే ఆయన మాట్లాడుతున్నారు, మిమ్మల్ని గుర్తుపడుతున్నారు. కానీ కొత్త విషయాన్ని పట్టి ఉంచుకునే భాగం చాలా సుకుమారం, దెబ్బ మొదట దానికే తగులుతుంది. ఆ ఆదివారం, ఆసుపత్రి మొదటి రోజులు ఆయనకు ఎప్పటికీ గుర్తు రాకపోవచ్చు. గుర్తుందా గుర్తుందా అని పరీక్షలు పెట్టకండి. ఒక నోట్‌బుక్కులో ఏం జరిగిందో తేదీల వారీగా మీరే రాసి ఇవ్వండి. మళ్లీ అడిగితే చదువుకుంటారు. మెరుగు ఎక్కువగా మొదటి మూడు నెలల్లో కనిపిస్తుంది.

విసుగు చాలాసార్లు కోపం కాదు, మెదడు అలసట. టీవీ మోగుతూ, ముగ్గురు మాట్లాడుతూ, కుక్కరు కూస్తూ ఉంటే ఆయనకు ఏ శబ్దాన్ని వినాలో తేలదు. హాల్లో ఒకసారి ఒకరే మాట్లాడండి. మధ్యాహ్నం ఒక గంట తలుపు వేసి పడుకోనివ్వండి. మూడు నెలలు దాటినా లెక్కలు తప్పడం, వాక్యం మధ్యలో ఆగిపోవడం ఉంటే న్యూరాలజిస్టుకు చూపించాలి. ఏడుపు, నిద్ర పట్టకపోవడం, ఏ ఆసక్తీ లేకపోవడం రెండు వారాలు దాటితే ఊరుకోవద్దు. మానసిక, నరాల వైద్యానికి పేరుపడ్డ నిమ్హాన్స్ ఆసుపత్రి మీ ఊళ్లోనే ఉంది. మానసిక సాయం అందించే 14416 టెలీ మానస్‌కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఆ నంబరు మీకు కూడా.

ఆడబట్టే ఇలా అయిందన్న భయం బెంగళూరులో కొత్తది కాదు. 2021 అక్టోబర్ 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయాక ఊరు ఊరంతా ఈసీజీల కోసం ఆసుపత్రులకు పరుగెత్తింది, జిమ్ములు మానేసినవాళ్లూ ఉన్నారు. మీవారి నాళంలో కొవ్వు పొర ఏళ్ల తరబడి పేరుకుంది. అది చిట్లి, దాని మీద గడ్డ కట్టింది, రక్తం అందని కండరంలో విద్యుత్తు గతి తప్పి గుండె ఆగింది. షటిల్ చివరి తోపు అయి ఉండవచ్చు, అసలు కారణం కాదు. ఆ మాటకొస్తే స్నానాల గదిలో ఒంటరిగా ఉండగా కాకుండా పదిమంది మధ్య పడిపోవడం ఆయన అదృష్టం.

షటిల్ ఇప్పుడు వద్దు, నడక మాత్రం మానకూడదు. చదునైన చోట పూటకు ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు మొదలుపెట్టి, బాగుంటే రోజుకు ఒకటి రెండు నిమిషాలు పెంచుకుంటూ పోతే మెల్లగా అరగంటకు వస్తారు. చేతి వాచీ చూపించే నాడి అంకెను నమ్ముకోవద్దు, మెటోప్రొలాల్ దాన్ని ఎటూ తొక్కిపట్టి ఉంచుతుంది. కొలత మాటే: నడుస్తూ ఒక పూర్తి వాక్యం చెప్పగలగాలి, పాట పాడలేకపోవాలి. పాడగలిగితే కాస్త వేగం పెంచవచ్చు, వాక్యం తెగిపోతుంటే తగ్గించాలి. ఛాతీ పట్టినా, తల తిరిగినా, గుండె దడదడలాడినా అక్కడే కూర్చోవాలి. అన్నం తిన్నాక గంట ఆగాలి. డిసెంబర్ చలిలో ఆరు గంటలకే బయల్దేరకండి, చలికి నాళాలు బిగుస్తాయి, ఎండ వచ్చాక చాలు. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన పొగలో నడిచేకన్నా మీ కాంపౌండులో ఇరవై చుట్లు మేలు. కరెంటు పోయి లిఫ్ట్ ఆగితే ఒక్కో అంతస్తుకూ కూర్చుని ఎక్కాలి. అందుకోసం రెండో అంతస్తు మెట్ల దగ్గర ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించండి. మీ ఆసుపత్రిలో కార్డియాక్ రిహాబ్ ఉందేమో అడగండి. ఉంటే వారానికి రెండు మూడుసార్లు ఈసీజీ చూస్తూ నడిపిస్తారు, ఆయన భయానికి అంతకన్నా మందు లేదు. బండి, కారు నడపడం డాక్టరు చెప్పేదాకా వద్దు. ఉద్యోగానికి తొందర లేదు, వెళ్లినప్పుడు ఇంటి నుంచి మూడు నాలుగు గంటలతో మొదలుపెట్టాలి. ముందు అలిసిపోయేది గుండె కాదు, మెదడు.

వంట గురించి క్లుప్తంగా. ఉప్పు తలకు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను, ఆవకాయ, అప్పడాలు, బేకరీ కారా బన్ను అన్నీ కలిపి. చెంచాతో కొలవలేరు, ప్యాకెట్టుతో కొలవండి: నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్టు యాభై రోజులు రావాలి. నూనె తలకు నెలకు అర లీటరు. సిగరెట్ అలవాటుంటే ఇప్పటితో సరి, "రోజుకొకటే" అన్న మాట లేదు.

బంధువుల విషయానికొస్తే, సాయం ఎక్కువై మీరు మునిగిపోతున్నారు. "ఏమైనా కావాలంటే చెప్పండి" అన్నవాళ్లకు పేరు, రోజు, గంట పెట్టి పని చెప్పండి. మీ అత్తగారికి వంటలో ఉప్పు లెక్క అప్పగించండి, సలహాలు వాటంతటవే తగ్గుతాయి. మీ మరిది ఉంటే ఆసుపత్రి కాగితాలన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి, ఇన్సూరెన్సు బిల్లులు ఒక ఫైలులో పెట్టి, తర్వాతి అపాయింట్‌మెంటుకు తోడు వెళ్లాలి. ఆయన తన కొలెస్టరాల్, షుగరు కూడా చూపించుకోవాలి. 55 ఏళ్లలోపు అన్నకు గుండెపోటు వస్తే తమ్ముడికి అది హెచ్చరికే. పిల్లల బడి బస్సు పక్కింటివాళ్లకు. ఊళ్లో వాళ్లందరికీ కబురు చెప్పే పని ఒక్కరికే, రోజుకొక వాట్సాప్ మెసేజీ. పరామర్శకు ఇద్దరేసి, పదిహేను నిమిషాలు, సాయంత్రం ఐదు ఆరు మధ్యనే. తలుపు దగ్గర ఈ మాట చెప్పే కఠినమైన మనిషి ప్రతి కుటుంబంలోనూ ఒకరు ఉంటారు, ఆవిడను పిలిపించండి. ఆయన పనులు మాత్రం అందరూ లాక్కోకండి. మాత్రల డబ్బా ఆయనే నింపాలి, మీరు పక్కన కూర్చుని చూడాలి. గేటు దగ్గర కొత్తిమీర ఆయనే కొనాలి.

రాత్రి కాపలా మానేయండి. మీరు చూస్తూ ఉన్నంత మాత్రాన గుండె లయ తప్పకుండా ఉండదు, మీరు మాత్రం నెలలోపే మంచాన పడతారు. ఆయన చేతికందే చోట పిలిచే గంట పెట్టండి, వారానికి రెండు రాత్రులు ఇంకొకరు ఆ గదిలో పడుకోవాలి. దానికన్నా పనికొచ్చే కాపలా పొద్దున ఉంది: లేచి మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా, పాదాలు ఉబ్బినా, రెండు దిళ్లు లేకుండా పడుకోలేకపోయినా ఒంట్లో నీరు చేరుతున్నట్టు. డాక్టరుకు ఫోన్ చేయాలి. బీపీ రోజుకొక్కసారి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక. పదిసార్లు చూస్తే పదో అంకె భయం వల్ల పెరిగినదే అవుతుంది.

మళ్లీ ఆగుతుందా అంటే, గుండెపోటు వచ్చిన వేళలోనే ఆగిన గుండెకు, మూసుకున్న నాళం తెరిచాక ఆ ముప్పు బాగా తగ్గుతుంది. ఈఎఫ్ 42 శాతం కూడా ఆఖరి అంకె కాదు. దెబ్బతిన్న కండరంలో కొంత మొద్దుబారి ఉంటుంది, వారాల మీద కోలుకుంటుంది. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య మళ్లీ ఎకో, అంటే గుండె స్కాన్, తీస్తారు. అప్పటికీ 35 లేదా అంతకన్నా తక్కువ ఉంటే లయ తప్పితే తనే షాక్ ఇచ్చేలా ఛాతీలో అమర్చే ఐసీడీ గురించి మాట్లాడతారు. ఇప్పుడే దాని ధరలు వాకబు చేస్తూ కూర్చోనక్కర్లేదు.

అయినా సిద్ధంగా ఉండాలి. పిలిస్తే పలక్కుండా, ఊపిరి లేకుండా, లేదా ఎక్కిళ్లలా ఎప్పుడో ఒకసారి గాలి కోసం గుటక వేస్తున్నట్టు ఉంటే అది గుండె ఆగినట్టే. ఆ గుటకలను చూసి ఊపిరి ఉందనుకుని చాలామంది ఆగిపోతారు. నేల మీద పడుకోబెట్టి, రొమ్ముల మధ్య ఎముక కింది సగంలో అరచేతి మడమ పెట్టి, మోచేతులు వంచకుండా నొక్కాలి, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకు మనిషి మారాలి, అలిసిన చేతులకు తెలియకుండానే లోతు తగ్గుతుంది. నొక్కడం ఆగే ప్రతి నిమిషం బతికే అవకాశాన్ని తినేస్తుంది. మిగతావాళ్లలో ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఒకరు లిఫ్ట్ కింద పట్టి ఉంచాలి, ఒకరు రోడ్డు మొగలో నిలబడాలి. మీ పేటలో ఐదో క్రాస్ ఒకటి కాదు కదా. కాబట్టి ఒక అట్ట మీద బ్లాకు, అంతస్తు, మెయిన్, క్రాస్, ఎదురుగా ఉన్న గుడో బేకరీయో కన్నడలో రాయించి ఫోన్ పక్కన, గార్డు గదిలో అంటించండి. కంగారులో తెలుగువాళ్లకు కన్నడ చిరునామా నోట రాదు.

అసోసియేషన్ ఒప్పుకుంటే గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, ఏఈడీ, ఒకటి కొనమనండి, లక్ష రూపాయల అటూఇటూ. ప్యాడ్‌లు అంటించగానే షాక్ కావాలో వద్దో అదే చెబుతుంది. ఆఫీసు గదిలో తాళం వేసి పెడితే మాత్రం దండగ. గార్డు చేతికి అందేచోట ఉండాలి, ప్యాడ్‌లకూ బ్యాటరీకీ గడువు తేదీ ఉంటుంది, దాన్ని చూసే మనిషి పేరు డబ్బా మీదే రాయాలి.

ఆ ఇద్దరి సంగతి. సీపీఆర్ చేసినవాళ్లకు చేతుల కింద ఎముక విరిగిన చప్పుడు చాలాకాలం వెంటాడుతుంది. తప్పుగా చేశామేమో అన్న అనుమానంతో నిద్రపోని వాళ్లున్నారు. వాళ్లకు కావలసింది శాలువా కాదు. విడివిడిగా ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, ఆసుపత్రిలో ఏం తేలిందో పూసగుచ్చినట్టు చెప్పండి: ఎముకలు చిట్లాయి, మంచిదే, ఎకో ఇంత ఉంది, ఇప్పుడు ఇన్ని నిమిషాలు నడుస్తున్నారు. ఆయన్ని చూడనివ్వండి. రెండో అంతస్తు అబ్బాయికి వీలైతే వారానికి రెండు సాయంత్రాలు ఆయనతో పది చుట్లు నడవమని అడగండి, ఇద్దరికీ మంచిది. గార్డుకు డబ్బు ఇవ్వాలనిపిస్తే మొహమాటం లేకుండా ఇవ్వండి, అవసరం ఉన్న మనిషే అయి ఉంటాడు. దానితో పాటు అసోసియేషన్ ఒక ఆదివారం సీపీఆర్ శిక్షణ పెట్టిస్తే, బొమ్మ మీద అందరికీ చేసి చూపించే పని అతనిదే కావాలి. పగటి షిఫ్టు వాళ్లే కాదు, రాత్రి షిఫ్టు వాళ్లూ రావాలి, ఏజెన్సీ గార్డులను మార్చిన ప్రతిసారీ ఆ పాఠం మళ్లీ పెట్టించాలి.